ఎంపీసీ వన్ చుట్టూ హోమ్ స్టూడియో: స్పెక్స్ చూస్తే ఎవరూ కొనరు, నేను మాత్రం అమ్మను

ముందు స్పెక్స్ చెప్పేస్తా. రాక్‌చిప్ ఆర్‌కే3288 ప్రాసెసర్, నాలుగు కార్టెక్స్ ఏ17 కోర్లు. ర్యామ్ 2 జీబీ. స్టోరేజ్ 4 జీబీ, అందులో మన వాడకానికి మిగిలేది సగమే. స్క్రీన్ 7 అంగుళాలు. బ్యాటరీ లేదు, వైఫై లేదు, బ్లూటూత్ లేదు. ఈ లిస్టుతో ఎవరైనా ట్యాబ్లెట్ లాంచ్ చేస్తే మనమంతా కలిసి ఎంత ఆడుకునేవాళ్లమో మీకు తెలుసు. అదే చిప్‌తో 2015లో ఆసుస్ ఒక చిన్న క్రోమ్‌బుక్ అమ్మింది. ఇప్పుడు అది ఎవరింట్లోనైనా ఉంటే అటక మీదే ఉంటుంది.

నేను చెప్తున్నది అకాయ్ ఎంపీసీ వన్ గురించి. 2020 జనవరిలో 699 డాలర్ల ధరతో వచ్చింది. నేను రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో 46 వేలకు తీసుకున్నా. ఈ రెండేళ్లలో రెండు ఫోన్లు మార్చా, ఒక ల్యాప్‌టాప్ మార్చా, ఇయర్‌బడ్స్ ఎన్ని పోగొట్టానో లెక్కలేదు. ఈ పెట్టె మాత్రం టేబుల్ మీద నుంచి కదల్లేదు.

నా అభిప్రాయం ముందే చెప్తా, తర్వాత తిట్టుకోండి. రోజంతా కోడ్ రాసి, రాత్రికి కాస్త మ్యూజిక్ చేసుకుందాం అనుకునేవాళ్లకి ల్యాప్‌టాప్ కంటే ఇలాంటి స్టాండ్‌అలోన్ మెషీనే మంచిది. కానీ దాని చుట్టూ వీడియోల్లో చూపించే టైపు స్టూడియో కట్టుకోవడం చాలా వరకు డబ్బు తగలేసుకోవడమే. మొదటి ముక్క తెలుసుకోవడానికి నాకు 46 వేలు అయ్యింది. రెండో ముక్కకి అంతకంటే ఎక్కువే అయ్యింది.

అసలు ఈ పెట్టె ఏంటి?

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. శాంపిలర్, సీక్వెన్సర్, సింథ్, ఎఫెక్ట్స్, మిక్సర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. కంప్యూటర్ అక్కర్లేదు. పైన 4 వరసల్లో 16 రబ్బరు ప్యాడ్లు. ఏదైనా శబ్దాన్ని ముక్కలు చేసి ఆ ప్యాడ్ల మీద పరిచి, వేళ్లతో వాయించి రికార్డ్ చేయడమే దీని పని.

ఈ డిజైన్ కొత్తది కాదు. 1988లో రోజర్ లిన్ అనే డిజైనర్ అకాయ్‌తో కలిసి ఎంపీసీ60 చేశాడు. దాంట్లో పట్టే శాంపిళ్ల మొత్తం నిడివి ఎంతో తెలుసా? 13 సెకన్లు. మెమరీ పెంచితే 26. ఒకప్పటి వాట్సాప్ స్టేటస్ అంత. ఆ కుటుంబం మెషీన్‌తోనే డీజే షాడో 1996లో ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ అనే ఆల్బమ్ దాదాపు మొత్తం చేశాడు. తర్వాత వచ్చిన ఎంపీసీ3000 మీద జె డిల్లా చేసిన పని ఎంత గొప్పదంటే, ఆయన వాడిన మెషీన్ ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మధ్యలో 2012 నుంచి కొన్నాళ్లు కొత్త ఎంపీసీలు కంప్యూటర్‌కి తోకల్లాగా తయారయ్యాయి. యూఎస్‌బీ వైరు పీకేస్తే పనిచేసేవి కావు. 2017లో ఎంపీసీ లైవ్, ఎంపీసీ ఎక్స్‌తో మళ్లీ స్టాండ్‌అలోన్ బాట పట్టారు. లోపల నడిచేది లైనక్సే. మనం రోజూ తిట్టుకుంటూ పూజించేదే.

ల్యాప్‌టాప్ ఉండగా ఇదెందుకురా?

మా టీమ్‌లో ఒకడు, నాతో పాటే బీటెక్ చదివినవాడు, ఇది చూసి అన్న మొదటి మాట: ‘‘అరే, ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఫ్రీ. నీ ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. మళ్లీ ఈ క్యాలిక్యులేటర్ ఎందుకురా?’’

వాడన్నది తప్పు కాదు. పవర్ పరంగా చూస్తే ల్యాప్‌టాప్ ముందు ఇది నిలబడదు. ల్యాప్‌టాప్‌లో ట్రాకులకు అంతు లేదు, మనం కొన్న వీఎస్‌టీలు అన్నీ నడుస్తాయి. ఇక్కడ నేను కొన్నప్పుడు 8 ఆడియో ట్రాకులే. బయట కొన్న వీఎస్‌టీలు నేరుగా వేసుకోలేం. పెద్ద సింథ్‌లు నాలుగైదు తెరిస్తే సీపీయూ మీటర్ ఎర్రబడుతుంది.

కానీ నా ల్యాప్‌టాప్‌లో ఏం జరిగేదో చెప్తా. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం చేసి కూర్చునేవాణ్ని. ఆఫీస్ చాట్‌లో ఒక ఎర్ర చుక్క కనపడేది. చూడకుండా ఉండలేను, చూస్తే వదలదు. అది అయ్యాక ఒక కొత్త ప్లగిన్ అప్‌డేట్ అడిగేది. ఆ ప్లగిన్ మీద ఒక వీడియో చూద్దాం అనుకునేవాణ్ని. పదకొండున్నరకి ఎనిమిది బార్ల లూప్ ఒకటి తయారయ్యేది. దానికి ‘న్యూ_ఫైనల్_3’ అని పేరు పెట్టి పడుకునేవాణ్ని. మూడేళ్లలో అలాంటి ఫైళ్లు నా డ్రైవ్‌లో 61 ఉన్నాయి. పాటలు? సున్నా.

దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అంటారు, ఒప్పుకుంటా. కానీ నేను కూర్చునే కుర్చీ అదే, చూసే స్క్రీన్ అదే, నొక్కే కీబోర్డ్ అదే. పొద్దున్నుంచి బగ్స్ వెతికిన కళ్లు రాత్రి కూడా బగ్స్‌నే వెతుకుతాయి. స్నేర్ రెండు మిల్లీసెకన్లు అటూ ఇటూ ఉందని వేవ్‌ఫామ్‌ని జూమ్ చేసి చూడటం సంగీతం కాదు, అది కోడ్ రివ్యూ. ఎంపీసీలో ఆన్ చేయగానే ముందున్నవి ప్యాడ్లు. కొడితే మోగుతుంది.

లేటెన్సీ సంగతి కూడా ఉంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు. ఇలాంటి డెడికేటెడ్ మెషీన్‌లో సౌండ్ డ్రైవర్, బఫర్ సైజ్, వెనకాల నడిచే అప్‌డేట్ సర్వీస్ లాంటివి మనం చూసుకోవాల్సిన పనిలేదు. ఆండ్రాయిడ్ వాళ్లు ఈ సమస్యతోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, ఓరియో వెర్షన్‌లో ఆడియో కోసం ప్రత్యేకంగా కొత్త ఏపీఐ తేవాల్సి వచ్చింది. పదేళ్ల పాత చిప్ ఇక్కడ సరిపోతున్నదంటే, అది ఒకే ఒక్క పని చేస్తుంది కాబట్టి. ర్యామ్ ఎంత అన్న ప్రశ్న కంటే ఆ ర్యామ్‌ని ఇంకెవరు తింటున్నారు అన్న ప్రశ్న ముఖ్యం.

8 ట్రాకుల లిమిట్ మొదటి నెలంతా చిరాకు పెట్టింది. రెండో నెలలో ఒక విషయం గమనించా: ట్రాకులు అయిపోతే నేను పాటని ముందుకు తీసుకెళ్తున్నా, కొత్త లేయర్ వేయడం ఆపేసి. కొన్న తొమ్మిది వారాలకి మొదటి పాట పూర్తయింది. గొప్పగా ఏం లేదు. కానీ మొదలుంది, చివరుంది.

ఒక హెచ్చరిక. ఎంపీసీ వన్‌లో బ్యాటరీ లేదని పైన చెప్పా కదా, దాని అర్థం నాకు ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయినప్పుడు తెలిసింది. గంటన్నర పని సేవ్ చేయకుండా పోయింది. రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకుంటాం, దీనికి పెట్టుకోవాలన్న ఆలోచన రాలేదు. ఇప్పుడు ఇన్వర్టర్ లైన్ మీద పెట్టా.

డబ్బు ఎక్కడ పోయిందంటే

పెట్టె వచ్చింది. ఇక స్టూడియో ‘కంప్లీట్’ చేయాలనే పురుగు కుట్టింది. ఊదా రంగు ఎల్ఈడీ లైట్లు, రెండు మానిటర్ స్పీకర్లు, గోడకి నల్లటి ఫోమ్. మీ ఫీడ్‌లో కూడా ఇవే వస్తుంటాయి, కాదనకండి.

మొదట 5 అంగుళాల మానిటర్లు ఈఎంఐలో తీసుకున్నా. నా గది 10 అడుగులకి 10 అడుగులు. ఇక్కడ కొంచెం ఫిజిక్స్. 10 అడుగులంటే 3.05 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య అది నిలబడిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ కావాలంటే 343ని 6.1తో భాగించండి. 56 హెర్ట్జ్ వస్తుంది. మన కిక్, 808 బేస్ ఉండేది సరిగ్గా అక్కడే. పైగా గది చతురస్రం కాబట్టి రెండు జతల గోడలూ అదే 56 దగ్గర మోగుతాయి. ఫలితం ఏంటంటే, కుర్చీలో కూర్చుంటే బేస్ మాయం, గుమ్మం దగ్గర నిలబడితే గుండె అదురుతుంది. మిక్స్ చేసి బండిలో వింటే బేస్ తప్ప ఏమీ వినపడలేదు. తప్పు స్పీకర్లది కాదు, గదిది. గదిని ఈఎంఐలో మార్చుకోలేం కదా, అద్దె ఇల్లు.

ఫోమ్ కూడా అతికించా. ఒక అంగుళం మందం ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలని కాస్త మింగుతుంది, 56 హెర్ట్జ్‌ని ముట్టుకోదు. పక్కింటివాళ్లకి శబ్దం వెళ్లకుండా ఆపడం దాని పని కాదు. కోడిగుడ్ల అట్టలు అంతకంటే దండగ. పైన ఫ్లోర్ ఆంటీ ఒకరోజు వచ్చి ‘‘బాబూ, రాత్రిళ్లు ఏదో గుమ్‌గుమ్ అంటోంది, మోటార్ గానీ ఆన్‌లో ఉందా?’’ అని అడిగారు. ఆ వారంలోనే మానిటర్లు అమ్మేశా, పదకొండు వేల నష్టానికి. ఫోమ్ పీకితే గోడ రంగు కూడా దాంతోపాటే ఊడొచ్చింది. ఆ ఖర్చు ఇల్లు ఖాళీ చేసే రోజు తెలుస్తుంది.

ఇప్పుడు నా గదిలో పనిచేస్తున్న సౌండ్ ట్రీట్‌మెంట్ ఏంటంటే, అమ్మ ఊరి నుంచి పంపిన రెండు బొంతలు. తలుపుకి ఒకటి, నా వీపు వెనక ఒకటి. గొంతు రికార్డ్ చేయాలంటే బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దాని ఎదురుగా నిలబడతా. గది ప్రతిధ్వని చాలా వరకు చచ్చిపోతుంది. కుక్కర్ విజిల్ మాత్రం ఎవడూ ఆపలేడు. నా రెండో పాటలో 1 నిమిషం 40 సెకన్ల దగ్గర ఒక విజిల్ ఉంది. అది బాగానే కుదిరిందని ఉంచేశా.

వినడానికి వైరు ఉన్న హెడ్‌ఫోన్స్. సోనీ ఎండీఆర్-7506, 1991 నుంచి అదే మోడల్ అమ్ముతున్నారు, స్టూడియోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చెవి దగ్గర తోలు రెండేళ్లకే పొట్టు రాలుతుంది, అది వేరే బాధ. మీ దగ్గరున్న ఖరీదైన టీడబ్ల్యూఎస్ బడ్స్ ఈ పనికి అస్సలు పనికిరావు. మామూలు బ్లూటూత్‌లో ప్యాడ్ కొట్టిన వందా, రెండొందల మిల్లీసెకన్ల తర్వాత శబ్దం వస్తుంది. తాళం మీద కొడుతున్నా మీకే తాళం రాదనిపిస్తుంది.

ఇక మైకు. కొనేముందు చాలామంది గమనించనిది ఇదే: ఎంపీసీ వన్ ఇన్‌పుట్లు లైన్ లెవెల్‌వి. మైకు నేరుగా పెడితే గొంతు గుసగుసలా వస్తుంది. కండెన్సర్ మైకుకి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇందులో లేదు. మధ్యలో ఒక ప్రీయాంప్ ఉండాల్సిందే. నేను యమహా ఎంజీ06 అనే చిన్న మిక్సర్ పెట్టా. ఎక్స్ఎల్ఆర్ మైకులకి రెండు ప్రీయాంప్‌లు, ఫాంటమ్ పవర్, అన్నీ ఉన్నాయి. క్లాస్ కంప్లయంట్ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లని కూడా ఎంపీసీ ఇప్పుడు గుర్తుపడుతుంది కాబట్టి, మీ దగ్గర అలాంటిది ముందే ఉంటే మిక్సర్ కూడా అక్కర్లేదు. మైకు షూర్ ఎస్ఎం57. 1965 నాటి డిజైన్, ఫాంటమ్ అక్కర్లేదు, పెద్ద శబ్దాలకి బెదరదు. ఆఖరి గుణం నాకు చాలా అవసరం. ఎందుకో చెప్తా.

తాత డప్పు

నేను ఈ పెట్టె కొనడానికి అసలు కారణం హిప్‌హాప్ కాదు.

మా తాత డప్పు కొడతాడు. సూర్యాపేట వైపు మా ఊరు. ఇప్పుడాయనకి డెబ్బై తొమ్మిదేళ్లు, కుడి చెయ్యి కొంచెం వణుకుతుంది. సిర్ర పట్టుకుంటే మాత్రం వణకదు. మా నాన్న డప్పు ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. చావు ఇంటి ముందు, చాటింపు వెనక, ఎవరి గడప బయటో నిలబడి కొట్టడం చూస్తూ పెరిగిన మనిషి. చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని ఆ శబ్దానికి దూరంగా వచ్చాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ తాత తర్వాత మా ఇంట్లో ఆ దెబ్బలు తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. ఇంటర్నెట్‌లో డప్పు శాంపిల్ ప్యాక్‌లు దొరుకుతాయి. నేను విన్న వాటిలో ఒక్కటి కూడా తాత డప్పులా మోగలేదు.

ఎంపీసీ వన్‌ని ఊరికి మోసుకెళ్లలేదు, పైన చెప్పిన కరెంటు కథ వల్లే. జూమ్ హెచ్1ఎన్ అనే జేబు రికార్డర్ పట్టుకెళ్లా. రెండు ట్రిపుల్ ఏ సెల్స్ మీద నడుస్తుంది. తెల్లవారుజామున ఐదున్నరకి, ఆర్టీసీ బస్సు రాకముందు, వాకిట్లో కూర్చున్నాం. తాత చితుకుల మంట వేసి డప్పు కాచాడు. చర్మం బిగిసింది. మొదటి దెబ్బకే రికార్డర్ ఎర్ర లైటు వెలిగింది. దాని మైకులు 120 డెసిబెల్స్ వరకే తట్టుకుంటాయి. తాత పక్కన కూర్చుంటే దాని పని అయిపోయింది. ఆరడుగులు వెనక్కి జరిపి, ఇన్‌పుట్ లెవెల్ బాగా తగ్గించి, పీక్‌లు మైనస్ 12 దగ్గర ఉండేలా పెట్టుకున్నా. డప్పు రికార్డ్ చేయాలనుకునేవాళ్లు ఈ ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోండి.

ఒక్కో దెబ్బా విడివిడిగా కొట్టమని అడిగా. ‘‘గట్ల ఒక్కొక్కటి కొడితె డప్పైతదారా? శవంలెక్క ఉంటది’’ అన్నాడు. అయినా నా మొహం చూసి కొట్టాడు. కుడి చేతి సిర్రతో నడిమధ్య, అంచు మీద, ఎడమ చేతి చిటికెన పుల్లతో, రెండూ కలిపి, అరచేత్తో అదిమి పట్టి. వాటికి పేర్లేమిటని అడిగితే పేర్లు చెప్పలేదు, నోటితో పలికి చూపించాడు. నలభై నిమిషాలు వచ్చింది. 24 బిట్ స్టీరియోలో నిమిషానికి దాదాపు 16 ఎంబీ, మొత్తం 640 ఎంబీ లోపే. 2 జీబీ ర్యామ్ గురించి ఏడ్చేవాళ్లకి ఈ లెక్క.

సిటీకి వచ్చాక చాప్ మోడ్‌లో థ్రెషోల్డ్ పెట్టి ముక్కలు చేస్తుంటే ఒక వింత బయటపడింది. మొదట్లో కొట్టిన దెబ్బకీ చివర్లో కొట్టిన దెబ్బకీ శ్రుతి కలవలేదు. డప్పు చల్లారే కొద్దీ చర్మం వదులై శ్రుతి దిగిపోయింది. మధ్యలో తాత రెండుసార్లు మళ్లీ కాచాడు, అక్కడ మళ్లీ పైకి లేచింది. రికార్డింగ్ మొత్తం వింటే మంట ఎప్పుడు వేశాడో చెవితో చెప్పొచ్చు. ఒక్కో ప్యాడ్‌కి ట్యూనింగ్ సరిచేస్తూ రెండు రాత్రులు కూర్చున్నా. ప్రతి ప్యాడ్ మీద ఒకే దెబ్బకి నాలుగు వేర్వేరు రికార్డింగులు లేయర్లుగా పెట్టి, సైకిల్ ఆప్షన్ ఇచ్చా. అప్పుడు వరసగా కొడితే మెషీన్‌గన్‌లా కాకుండా మనిషి కొట్టినట్టు ఉంటుంది. అదిమిన దెబ్బ పడగానే మోగుతున్న దెబ్బ ఆగేలా మ్యూట్ గ్రూప్.

తర్వాత తీన్‌మార్ వాయించా. ఎంపీసీ మామూలుగా 4/4లో, 16వ వంతు గ్రిడ్‌లో మొదలవుతుంది. తీన్‌మార్ నడక 6/8. టైమింగ్ కరెక్ట్ ఆన్‌లో ఉంచి కొడితే మెషీన్ ప్రతి దెబ్బనీ దగ్గర్లో ఉన్న గ్రిడ్ గీత మీదికి ఈడ్చేస్తుంది. నేను ట్రిప్లెట్ గ్రిడ్‌కి మార్చా. గీతల మీద అన్నీ చక్కగా కూర్చున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయింది అనుకున్నా.

ఆ వారం నాన్న పని మీద సిటీకి వచ్చి నా గదిలోనే దిగాడు. ఈ పెట్టె ఏంటని అడిగాడు. చెప్పా. ఎంతకి కొన్నావన్నాడు. చెప్పా. ‘‘నలభై ఆరు వేలు పెట్టి, మళ్లీ డప్పే కొడుతున్నవా?’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హెడ్‌ఫోన్స్ ఇచ్చా. పెట్టుకుని అర నిమిషం విన్నాడు. తీసి టేబుల్ మీద పెట్టి, ‘‘మూడో దెబ్బ తొందరగ పడుతుంది. కొంచెం ఆగి పడాలె. గిట్ల కొడితె ఎవరూ ఎగరరు’’ అన్నాడు. లేచి స్నానానికి వెళ్లిపోయాడు.

డప్పు ముట్టని మనిషి!

నేను మళ్లీ తాత రికార్డింగ్ తెరిచి చూశా. తాత మూడో దెబ్బ గ్రిడ్ గీత మీద లేదు. ప్రతిసారీ కాస్త వెనక పడింది, అది కూడా ఒకే కొలతలో కాదు. ఎంపీసీలో స్వింగ్ అని ఒకటుంది, రోజర్ లిన్ డ్రమ్ మెషీన్ల నాటి నుంచి వస్తున్నదే. 50 శాతం అంటే సూటిగా, 66 దగ్గర ట్రిప్లెట్ నడక. ప్రతి రెండో పదహారో వంతు దెబ్బని అది ఒకే కొలతలో వెనక్కి నెడుతుంది. మాకు కావాల్సింది అది కాదు. చివరికి టైమింగ్ కరెక్ట్ పూర్తిగా ఆపేసి, తాత రికార్డింగ్‌ని ఒక చెవిలో పెట్టుకుని, ప్యాడ్ల మీద వేళ్లతో వాయించడం నేర్చుకున్నా. పదకొండు రోజులు పట్టింది. వేళ్లు నొప్పి పుట్టాయి. అందుకే చెప్తున్నా, ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే విలువైన స్పెక్ ఆ 16 ప్యాడ్లే. మౌస్‌తో గీతల మీద చుక్కలు పెట్టి ఆ మూడో దెబ్బని నేను ఎప్పటికీ పట్టుకోలేకపోయేవాణ్ని.

మరి మీరు కొనాలా?

వెంటనే మాత్రం కొనకండి. ముందు మీ ఫోన్‌లో కోవాలా శాంపిలర్ యాప్ వేసుకోండి. ఐఫోన్‌కీ ఉంది, ఆండ్రాయిడ్‌కీ ఉంది, ధర ఒక పిజ్జా కంటే తక్కువ. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు నెలలు దాంతో ఆడండి. రెండు పాటలు పూర్తి చేస్తే అప్పుడు ఈ పెట్టెల వైపు చూడండి. పూర్తి చేయలేకపోతే మీకు 46 వేలు మిగిలాయి.

బయట తిరుగుతూ చేయాలనుకుంటే ఎంపీసీ లైవ్ 2 చూడండి, లోపల బ్యాటరీ, చిన్న స్పీకర్లు కూడా ఉన్నాయి. కొత్తది తీసుకుంటే వన్ కంటే వన్ ప్లస్ మేలు: 16 జీబీ స్టోరేజ్, వైఫై, బ్లూటూత్ వచ్చాయి, ర్యామ్ మాత్రం అదే 2 జీబీ. ఎంపీసీ 3 సాఫ్ట్‌వేర్‌తో పాట మొత్తాన్ని టైమ్‌లైన్‌లా చూసే అరేంజ్ వ్యూ కూడా వచ్చింది. పాత పద్ధతి అలవాటైన నాకు అదింకా కొత్త చెప్పుల్లా ఉంది.

గమకాలున్న రాగాలు చేయాలనుకునేవాళ్లకి ఒక మాట. ఎంపీసీ ప్యాడ్లు గమకం పలికించలేవు. దెబ్బ పడుతుంది, జారదు. 2023లో వచ్చిన ఏబుల్టన్ పుష్ 3 ప్యాడ్లు ఎంపీఈ సపోర్ట్ చేస్తాయి, అంటే వేలు పక్కకి జరిపితే స్వరం వంగుతుంది. దాని స్టాండ్‌అలోన్ మోడల్‌లో ఇంటెల్ కోర్ ఐ3, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. స్పెక్స్ చూస్తే ఇదే రాజు. ధర 1,999 డాలర్లతో మొదలైంది, మన దగ్గరికి వచ్చేసరికి డ్యూటీతో కలిపి ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. ఆ డబ్బుతో వీణ నేర్చుకుని, ఒక వీణ కొనుక్కుని, దాన్నే మైకు పెట్టి రికార్డ్ చేయడం నయం.

ల్యాప్‌టాప్‌ని పూర్తిగా వదిలేశానని కూడా అనుకోకండి. పాట అయ్యాక ట్రాకులు విడివిడిగా ఎస్‌డీ కార్డులోకి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆదివారం పొద్దున రీపర్‌లో మిక్స్ చేస్తా. 60 డాలర్ల లైసెన్స్, కొనేముందు 60 రోజులు ట్రై చేయొచ్చు. ఏడు అంగుళాల స్క్రీన్ మీద ఈక్యూ గీతలు లాగడం నా వల్ల కాలేదు. రాయడం పెట్టెలో, దిద్దడం ల్యాప్‌టాప్‌లో. దీన్ని తప్పని చెప్పే స్టాండ్‌అలోన్ భక్తులు ఉంటారు, ఉండనివ్వండి.

దసరాకి ఊరెళ్తున్నా. ఈసారి ఎస్ఎం57, చిన్న మిక్సర్, బ్యాటరీ ఇన్వర్టర్ ఒకటి బండిలో పెట్టుకుని వెళ్తున్నా. 16 ప్యాడ్లలో పదమూడోది ఇంకా ఖాళీగానే ఉంది. ఏదో ఒక దెబ్బ ఉంది, ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు కొట్టేదట, అది కూర్చుని కొడితే రాదని తాత అప్పుడు కొట్టలేదు. నిన్న ఫోన్ చేసి అడిగితే చర్మం పాతబడింది, కొత్తది ఎక్కించాలి, డబ్బులు పంపమన్నాడు. పంపా. నాన్నని కూడా రమ్మన్నా. చూద్దాం అన్నాడు.